అద్దం మీద పన్నెండో పేరు

మా బావ సిరిల్‌కి భయం పుట్టించని వస్తువు ఈ కొలోన్ రేవు ఊళ్లో ఇంకా తయారుకాలేదు. వాన పడితే పైకప్పు రేకులు లేచిపోతాయని భయం. పడకపోతే ఆకాశం ఏదో పెద్దదాన్ని దాచిపెట్టుకుందని భయం. మా అక్క ఐరిస్‌తో పెళ్లిరోజున ఉంగరం చెమట చేతుల్లోంచి జారిపోతుందేమోనని నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. పాస్టరుగారు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా" అని అడిగితే నోరు విప్పలేక గుడ్లు మిటకరించాడు. అప్పుడే చర్చి తలుపులోంచి బయటికి పరిగెత్తవలసిందని మా అక్క ఇప్పటికీ అంటుంది.

అలాంటి మనిషి తెల్లారి లేస్తే చేసే పని మగవాళ్ల గొంతుల మీద కత్తి పెట్టడం. తాత బార్బడోస్ నుంచి రెండు సముద్రాల్ని కలిపే ఓడల కాలువ తవ్వకానికి వచ్చి ఇక్కడ ఓడ దిగినవాడు. తండ్రి ఆ కూలీల తలలు గొరిగినవాడు. కొడుక్కి పని నేర్పడానికి తండ్రి బుడగ ఊది, దానికి సబ్బు నురగ పూసి, పేలకుండా గియ్యమనేవాడట. పేలినప్పుడల్లా "చచ్చాడు, ఇంకొకణ్ణి తే" అనేవాడట. ఆ చచ్చినవాళ్లందరూ బావకి ఇప్పటికీ కలలోకి వస్తారు. ఆ భయం పుణ్యమా అని ఆయన చేతికింద నెత్తురు కళ్లజూసినవాడు ఒక్కడే, అదీ ఒక్కసారే. నేను చెప్పబోయేది దాని గురించే.

ఎనిమిదో వీధిలో పాత చెక్కమేడ కింద బావ షాపు. ఆ మేడ వసారా నీడలో, షాపు కిటికీకి వీపు ఆనించి, నా బండి. పొద్దున్నించీ చేపలు వేయిస్తాను, కారం మాంసం కూరి పాటీలు కాలుస్తాను, శనివారాలు మాత్రం ఉడికించిన పందికాళ్లు దోసకాయతో నిమ్మరసంలో ఊరబెట్టి అమ్ముతాను. లోపల మగవాళ్లు మాట్లాడుకునే ప్రతి మాటా కిటికీలోంచి నా చెవిలో పడుతుంది. వాళ్లకి నేను వింటున్నానన్న సంగతే తట్టదు. చేపల దగ్గర కూర్చున్న ఆడదానికి చెవులుండవనుకుంటారు కాబోలు.

ఆ షాపులో బావ పెట్టిన చట్టం ఒక్కటే. కుర్చీలో ఉన్నవాడికి మాట లేదు. దవడ కదిలితే కత్తి తెగుతుంది కాబట్టి ఒకసారి నురగ పూశాక మేయరైనా సరే మూసుకు కూర్చోవలసిందే. చుట్టూ ఉన్నవాళ్లు వాడి పెళ్లాన్ని తిట్టినా, వాడి పార్టీని తిట్టినా, వాడు అద్దంలోంచి కళ్లురిమి చూడడం తప్ప ఏమీ చెయ్యలేడు. మా వీధిలో పాత పగలు చాలావరకు ఆ కుర్చీ దగ్గరే తీరాయి.

ఇక శనివారం మధ్యాహ్నం వచ్చిందంటే డామినో బిళ్లల చప్పుడుతోపాటు అసలు రగడ మొదలయ్యేది. బాక్సింగు పుట్టిన దగ్గర్నించి ఇప్పటిదాకా రింగులో దిగినవాళ్లందరిలో ఎవడు ముందు, ఎవడు వెనక? గెలిచిన పేర్లను పెద్ద అద్దం మీద నురగతో, వేలితో రాసేవాళ్లు. వాదన నెగ్గితే ఒక పేరు చెరిపి పైకి ఎక్కించేవాళ్లు. సాయంత్రం బావ తడిగుడ్డతో అంతా తుడిచేసేవాడు. వచ్చే శనివారం మళ్లీ ఒకటి దగ్గర్నించి మొదలు.

"రాబిన్సన్ ఒకటి. దాని మీద తగువే లేదు," అనేవాడు ఆర్చిబోల్డ్ తాత. రేవులో బస్తాలు మోసి మోసి ఒక భుజం కిందకి జారిపోయిన ముసలాయన.

"అలీని రెండులో పెట్టావంటే నిన్ను నా బస్సు ఎక్కనివ్వను తాతా, ముందే చెప్తున్నా," అనేవాడు డ్రైవర్ ఓర్విల్.

"నీ బస్సు ఎక్కితే ఎలాగూ పైకే పోతాం కదరా. ఎక్కనివ్వకపోతే ఇంకో పదేళ్లు బతుకుతా."

"మరి డురాన్? ఆయనా మన దేశంవాడే కదా?"

"ఆయన రాజధానివాళ్ల సొత్తు. ఆ తిప్పలేవో వాళ్లు పడతార్లే. మనకి మనవాడు చాలడా?"

మనవాడు అంటే లాయిడ్ బెకెల్స్. మా వీధికి రెండు వీధుల అవతల పుట్టాడు. చిన్నప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి దానిమీద కూర్చోబెడితే గానీ బావకి వాడి తల అందేది కాదు. ఆ పిల్లాడే పెద్దయి ప్రపంచ ఛాంపియనయ్యాడు. బెల్టు తెచ్చిన రోజున ఆర్చిబోల్డ్ తాత వాణ్ణి రైలు స్టేషన్ నుంచి భుజాల మీద ఎత్తుకుని తెచ్చాడు. ఆ ఎత్తడంలోనే భుజం జారిందని ఆయన చెప్పుకుంటాడు, బస్తాల మాట ఎత్తడు. ఇప్పుడు లాయిడ్‌కి ఏభై దాటాయి. మాట కొంచెం నిదానం. రేవు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. ప్రతి శనివారం తప్పకుండా వచ్చి బావ దగ్గర గడ్డం గీయించుకుంటాడు. అంటే ఈ రగడంతా జరిగే వేళకి కుర్చీలో ఉండేది, మాట లేనిది, వాడే.

ఇక్కడొక చిక్కు ఉంది. లాయిడ్ ఆటల్లోకెల్లా గొప్పది రాజధానిలో నికనోర్ పూపోతో ఆడింది. పూపో కొలంబియావాడు, బరాంకియా ఊరివాడు. పదో రౌండు అయ్యేసరికి లాయిడ్ కళ్లు వాచి మూసుకుపోయాయి, అందరూ ఆశ వదిలేసుకున్నారు. పదకొండో రౌండులో లేచి మావాడు కొట్టిన దెబ్బల్లాంటివి ముందు గానీ తర్వాత గానీ ఎవరూ చూడలేదంటారు. పూపో తన మూలకి నడిచి వెళ్లి, పీట మీద కూర్చుని, నిద్రలోకి జారినట్టు జారాడు. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి, ఇక లేవనే లేదు.

ఆ ఆటని లెక్కలోకి తీసుకుంటే లాయిడ్‌ని ప్రపంచంలో మొదటి అయిదుగురిలోంచి కదపడం ఎవరి తరమూ కాదు. దాన్ని పక్కన పెడితే మాత్రం మామూలువాళ్ల మీద గెలిచిన ఒక మంచి ఛాంపియన్, అంతే. మా వీధివాళ్లు పక్కన పెట్టారు. ఎందుకు పెట్టారో చెప్తాను.

పూపో పోయిన ఏడాది తర్వాత అనుకుంటాను, ఓడ దిగిన నావికుడొకడు గడ్డానికని షాపులోకి వచ్చాడు. బరాంకియావాడట. కుర్చీలో లాయిడ్ ఉన్నాడు. నావికుడు అద్దంలో వాడి మొహం చూసి గుర్తుపట్టి, "నువ్వేనా మా నికనోర్ పూపోని కొట్టినవాడివి?" అన్నాడు. లాయిడ్ విసురుగా ఎగిరిపడ్డాడు. కత్తి గడ్డం కింద తెగింది. తెల్లటి నురగ మీద ఎర్రగా పాకింది. బావకి ప్రాణం పైకే పోయింది. ఒక చేత్తో పటికముక్క లాయిడ్ గొంతుకి అదిమిపెట్టి, రెండో చేత్తో చీపురు అందుకుని ఆ నావికుణ్ణి వీధి చివరిదాకా తరిమాడు. తన జన్మలో బావ ఇంకో మనిషి మీద చెయ్యెత్తింది అదొక్కసారే. అదీ చీపురుతో.

ఆ తర్వాత లాయిడ్ గదిలో తలుపేసుకుని చాలా వారాలు షాపు మొహం చూడలేదు. బావ తిండి మానేశాడు. "ఆ పేరు వినగానే వాడు ఎలా అయిపోయాడో చూశావా ఎడ్నా? ఆ పేరే వాణ్ణి చంపుతుంది. ఇంకోసారి నా కత్తి కింద వింటే..." అని నా బండి దగ్గర కూర్చుని చేతులు పిసుక్కునేవాడు. చివరికి లాయిడ్ తిరిగి వచ్చేలోగా వీధంతా తిరిగి ఒట్టు వేయించుకున్నాడు. ఆ షాపులో, లాయిడ్ చెవిన, పూపో పేరు పడకూడదు. ఎప్పటికీ.

పడలేదు. ఇరవై ఏళ్ల పైమాటే. వాడు పొరపాటున తనే "అన్నా, ఆ ఆట ఉంది చూడు..." అని మొదలుపెట్టినా, బావ "రా నాయనా, కూర్చో, కూర్చో" అంటూ కుర్చీలోకి తోసి, నోరు మూసుకునేలా బుగ్గల నిండా నురగ పూసేసేవాడు. ఎంత ప్రేమగా పూసేవాడో, చంటిపిల్లకి పౌడరు అద్దినట్టు.

ఇక శనివారం రగడ ఎలా తయారైందో చూడండి. లాయిడ్‌ని పైకి ఎక్కించాలంటే పూపో పేరు ఎత్తాలి. ఎత్తకూడదు. కాబట్టి వాణ్ణి ప్రాణంలా చూసుకునేవాళ్లే వాణ్ణి కిందకి తొయ్యాలి. అందులో మొనగాడు ఆర్చిబోల్డ్ తాత.

"బాగా కొట్టేవాడు, కాదన్లేదు. కానీ ఎవర్ని కొట్టాడ్రా? పేర్లు చెప్పు, పేర్లు!" అని డ్రైవర్ మీదకి అరిచేవాడు.

ఆ పేరు ఓర్విల్ నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. పాపం, దాన్ని మింగి, "సరేలే తాతా, పన్నెండు," అనేవాడు. అద్దం అడుగున, కొళాయి పక్కన, నీళ్లు చిందే చోట లాయిడ్ పేరు పడేది. ప్రతి శనివారం అదే చోటు. కుర్చీలో లాయిడ్ దాన్ని అద్దంలోంచి చూస్తూ ఉండేవాడు. వాడి మొహంలో ఏముందో నురగ వెనక ఎవరికీ కనపడేది కాదు.

తాత బయటికొచ్చి నా బండి దగ్గర పాటీ కొనుక్కుని తినకుండా నిలబడేవాడు. "వాణ్ణి ఈ భుజాల మీద మోసినవాణ్ణి. వారం వారం నేనే కిందకి తొయ్యాలా ఎడ్నా? మీ బావకి ఇంకెవరూ దొరకలేదా?" అనేవాడు.

ఊరి బయట ఈ సంగతి ఎవరికి తెలుసు? కొలోన్‌వాళ్లు సొంత ఛాంపియన్‌ని పన్నెండో చోట కూర్చోబెట్టారని, నల్లవాడి గొప్ప నల్లవాడికే కిట్టదని రాజధానిలో చెప్పుకున్నారట. అక్కడ కారాస్కియా అని రేడియోలో ఆటల గురించి మాట్లాడే పెద్దమనిషి ఉన్నాడు. చేపలు వేగే చప్పుడులో కూడా వినపడే గొంతు. ఆయనకి రోషం వచ్చింది. "కొలోన్ వెళ్తాను, ఆ మంగలిషాపులోనే కూర్చుంటాను, లాయిడ్ బెకెల్స్ చోటు ఎక్కడో దేశమంతా వింటుండగా తేలుస్తాను. వచ్చే శనివారం," అని ప్రకటించేశాడు.

ఆ మాట రేడియోలో వచ్చినప్పుడు బావ ఎవరికో మెడ వెనక గీస్తున్నాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకుని, సగం మెడతో ఆ మనిషిని వదిలేసి, ఇంటికెళ్లి పడుకున్నాడు.

ఆ వారం ఆయన్ని చూస్తే రాయికి కూడా జాలేసేది. నాకు మాత్రం కోపమొచ్చింది. "షాపు మూసెయ్ బావా. అంతే కదా!" అన్నాను.

"మూస్తే వాళ్లు వీధిలో పెట్టుకుంటారు ఎడ్నా. వీధిలో నేనెక్కడ ఆపగలను?"

"అయితే ఆ రేడియో ఆయనకి చెప్పు. పేరు ఎత్తొద్దని చెప్పు."

"చెప్తే? 'ఎందుకు ఎత్తొద్దు' అని అదే మొదటి ప్రశ్న వేస్తాడు. దేశమంతా వింటుండగా."

"లాయిడ్‌కే చెప్పు రావద్దని."

దానికి ఒప్పుకున్నాడు. గురువారం రేవు గేటు దాకా వెళ్లాడు. అక్కడికెళ్లి ఏం చెప్పాడయ్యా అంటే, ఈ శనివారం వాన గట్టిగా ఉండేలా ఉంది, జలుబు చేస్తుంది, ఇంటికే వచ్చి గీస్తాను అన్నాడు. కొలోన్‌లో, రోజూ కురిసే అక్టోబరు నెలలో, వాన ఉంటుందని! లాయిడ్ నవ్వి, "రేడియో నేనూ విన్నానన్నా. పొద్దున్నే వస్తాలే," అన్నాడట.

బావ తిరిగొచ్చేసరికి పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఆయన భయం ఊరికే పోయేది కాదని నాకు అప్పుడు అర్థమైంది. పేరు విన్నందుకు వాడు ఆరోజు ఎగిరిపడ్డాడు. అప్పుడు కత్తి గడ్డం కింద తెగింది కాబట్టి సరిపోయింది. ఇంకో వేలెడు కిందకి తెగి ఉంటే? అసలు కత్తే లేకపోయినా, వయసు మీరిన ఆ తలకాయలో దేశం వింటుండగా ఆ పేరు పడితే వాడు మళ్లీ ఏ గదిలో పడి తలుపేసుకుంటాడు? ఈసారి తెరుస్తాడా? మా అక్క ప్రార్థన చేసింది. నేను మొదటిసారి చేపల్లో ఉప్పు మర్చిపోయాను.

శుక్రవారానికి బావకి ఉపాయం తట్టింది. రేడియోవాళ్లు మాట్లాడుతున్నంతసేపూ లాయిడ్‌ని కుర్చీలోనే ఉంచాలి. వేడి తువ్వాలు చెవుల మీదుగా చుట్టాలి, మెల్లగా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా గియ్యాలి. తువ్వాలు కింద ఏమీ వినపడదు, నురగ కింద ఏమీ మాట్లాడలేడు. మా బావ జీవితంలో ఉపాయాలన్నీ ఇలాంటివే, ఎదటి మనిషి నోరూ చెవులూ మూసేవి.

శనివారం లాయిడ్ అన్నట్టుగానే పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కొత్త బెల్టు, పాలిష్ చేసిన బూట్లు. నా బండి దగ్గర ఆగి, "బాగున్నానా ఎడ్నా?" అని అడిగాడు.

"పెళ్లికొడుకులా ఉన్నావు. ఎవర్తినైనా చూశావా ఏంటి?" అన్నాను. నవ్వాడు గానీ, వాడి చేతివేళ్లు చొక్కా గుండీల మీద ఆగకుండా ఆడుతున్నాయి. వీడికీ ఏదో గుబులుగా ఉందనుకున్నాను. అదేమిటో తెలియలేదు.

మధ్యాహ్నానికి వీధి వీధంతా షాపు ముందే. పక్కబడిలో నవంబరు అయిదున జరిగే మా ఊరి పండగ ఊరేగింపుకి పిల్లలు డ్రమ్ములు వాయించడం నేర్చుకుంటున్నారు. వాన రేకుల మీద, డ్రమ్ములు గోడ అవతల, మధ్యలో కారాస్కియా గొంతు. లావుపాటి మనిషి, మైకు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. లాయిడ్ మొహానికి తువ్వాలు చుట్టి ఉంది, ముక్కు మాత్రం బయటికి కనపడుతోంది. నేను చేపల పెనం దించేసి కిటికీలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాను. వేయించినా కొనేవాడెవడు లెండి.

"ఆర్చిబోల్డ్ గారూ, చెప్పండి. లాయిడ్ బెకెల్స్ ఎన్నోవాడు?"

తాత గొంతు సవరించుకున్నాడు. "పన్నెండు."

"పన్నెండా! సొంత ఊరివాడు మీకు పన్నెండా? ఎందుకండీ?"

"బాగా కొట్టేవాడు, కాదన్లేదు. కానీ ఎవర్ని కొట్టాడు..." అన్నాడు తాత. అంటూనే తప్పు చేశానని ఆయనకే తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే దొర్లింది. ఓర్విల్ తల పట్టుకున్నాడు.

బావ అప్పటికి తువ్వాలు తీసేసి కుడిబుగ్గ గీసి, గడ్డం కిందకి వచ్చాడు. పాతమచ్చ ఉన్న చోటుకి. తువ్వాలు చల్లారిపోయింది, ఎంతసేపని ఉంచుతాడు? ఆయన కత్తి ఆగిపోవడం కిటికీలోంచి చూశాను.

"ఎవర్ని కొట్టాడా?" కారాస్కియా లేచి నిలబడ్డాడు. "ఈ ఊళ్లో మనుషులకి మతిమరుపా, లేక పగా? నికనోర్ పూపో సంగతేంటండీ?"

బిళ్లల చప్పుడు ఆగింది. పక్కబడి డ్రమ్ములు మాత్రం మోగుతూనే ఉన్నాయి. కత్తి కొస లాయిడ్ గొంతుకి ఒక గింజంత దూరంలో ఉంది, వెనక్కి తియ్యాలన్న సంగతి కూడా బావకి తోచడం లేదు. నేను కిటికీలోంచి "బావా!" అని కేక వేశాను.

లాయిడ్ ఎగిరిపడలేదు. చెయ్యి నెమ్మదిగా పైకెత్తి బావ మణికట్టు పట్టుకున్నాడు.

"కత్తి తియ్యన్నా. తెగుతుంది."

బావ తీశాడు. లాయిడ్ కుర్చీలో ఇటు తిరిగాడు. సగం మొహం నున్నగా, సగం మొహం నురగతో.

"ఏం పేరన్నారు?"

కారాస్కియా అంత మనిషీ తడబడ్డాడు. "నికనోర్ పూపో."

"మళ్లీ అనండి."

"నికనోర్ పూపో."

లాయిడ్ కళ్లు మూసుకున్నాడు. "రోజూ నాలో నేను అనుకుంటా. ఇంకో నోట విని ఎన్నేళ్లయిందో." తర్వాత తాత వైపు చూశాడు. "తాతా, నన్ను పన్నెండులో పెట్టావని నాకేం కోపం లేదు. ఆ మనిషిని అసలు అద్దం మీదకే రానివ్వలేదు చూడు, అదీ నా బాధ. మీరంతా అతన్ని మర్చిపోయారనుకున్నా. ఒక్కోసారేమో, నేను చేసిన పనికి మీకు సిగ్గేసి నోరెత్తట్లేదనుకున్నా. గడ్డం నాకు ఇంట్లో గీసుకోడం రాకనా, వారం వారం ఇక్కడికి వస్తున్నది? ఇవాళైనా ఎవడో ఒకడు ఆ పేరు అంటాడేమోనని."

తాత జారిన భుజం ఇంకాస్త జారింది.

"పదో రౌండు దాకా అతనే గెలుస్తున్నాడు," అన్నాడు లాయిడ్. "ఆ ఎడమచెయ్యి ఎట్నించి వస్తోందో నాకు అందలేదు. నేను కొట్టినవాళ్లలో గానీ, నన్ను కొట్టినవాళ్లలో గానీ, అంతటివాణ్ణి చూళ్లేదు. పదకొండో రౌండులో నేను గొప్పగా కొట్టానంటారు. గొప్పేముంది? భయమేసి కొట్టా. ఓడిపోతాననే భయం. ఓడిపోతే మీ అందరి మొహాలు ఎలా చూడాలా అని." అద్దం వైపు చెయ్యి చూపించాడు. "రాయి తాతా. నా పేరు ఎక్కడైనా పెట్టుకోండి. అతని పేరు మాత్రం నా పైన రాయి."

తాత లేవలేకపోయాడు. రాసింది మా బావ. నురగలో వేలు ముంచి అద్దం మీద, అలీకీ రాబిన్సన్‌కీ కాస్త కింద, పూపో పేరు రాశాడు. దాని కింద లాయిడ్ పేరు. ఆయనది తుడిచే చెయ్యే గానీ రాసే చెయ్యి కాదు కాబట్టి అక్షరాలు వంకర తిరిగాయి. వంకర తిరిగితేనేం, ఊళ్లో అందరూ చదివారు.

లాయిడ్ మైకు వైపు చూపించాడు. "ఇది ఎంతదూరం వినపడుతుందండీ?"

"వాతావరణం కలిసొస్తే బరాంకియా దాకా అందుతుందంటారు," అన్నాడు కారాస్కియా. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో గానీ, గుసగుసలాడినట్టు అన్నాడు.

"ఇస్తారా?"

ఇచ్చాడు. లాయిడ్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అమ్మా, నికనోర్ వాళ్లమ్మగారూ. మీరున్నారో లేదో నాకు తెలీదు. నేను లాయిడ్ బెకెల్స్‌ని. పదో రౌండు దాకా మీ అబ్బాయే గెలుస్తున్నాడమ్మా. ఈ మాట మీకెవరూ చెప్పుండరు. నేనొచ్చి చెప్పాల్సింది. చెప్పలేదు. క్షమించండి."

నేను ఏడ్చానని దాచను. మా అక్క అయితే చర్చిలో ఏడ్చినంత ఏడ్చింది. వాన తగ్గిందో పెరిగిందో కూడా ఎవరూ చూసుకోలేదు.

రేడియోవాళ్లు తీగలు చుట్టుకుని వెళ్లిపోయారు. జనం పల్చబడ్డారు. తాత మాత్రం మూల బల్ల మీద కూర్చుని, బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పడేస్తూ ఉన్నాడు. కుర్చీలో లాయిడ్ సగం గడ్డంతో అలాగే ఉన్నాడు. నురగ ఎండి తెల్లగా అట్టకట్టింది. బావ వెనక నిలబడి అద్దంలోంచి వాణ్ణే చూస్తున్నాడు.

"మరి ఆరోజు ఆ నావికుడు పేరు ఎత్తితే అలా ఎగిరిపడ్డావేంట్రా?" అని అడిగాడు చివరికి.

"ఎగిరిపడలేదన్నా. వెనక్కి తిరిగా. బరాంకియావాడు కదా, వాళ్లమ్మ ఉందేమో, ఎలా ఉందో అడుగుదామని. నేను నోరు తెరిచేలోగా నువ్వు చీపురు తీశావు."

బావ కుర్చీ వీపు పట్టుకున్నాడు. పడిపోతాడేమోనని నేను కిటికీ వదిలేసి లోపలికి వచ్చాను.

"తర్వాతైనా చెప్పొచ్చు కదరా! ఇన్నేళ్లు నా చేతుల్లోనే ఉన్నావే! ఒక్క మాట చెప్పుంటే, నేనే ఓడెక్కి వెళ్లి కనుక్కొచ్చేవాణ్ణి కదరా!" ఓడంటే కడుపులో తిప్పే మనిషి అన్నాడీ మాట.

"ఎప్పుడు చెప్పమంటావన్నా?" అన్నాడు లాయిడ్, కోపం లేకుండా. "నోరు తెరిస్తే నురగ పూశావు. కుర్చీలో ఉన్నవాడికి మాట లేదంటివి."

బావ వేడినీళ్లతో ఎండిన నురగంతా మెల్లగా తుడిచాడు. గిన్నెలో కొత్త నురగ గిలక్కొట్టి బ్రష్ ముంచాడు. దాన్ని లాయిడ్ బుగ్గ దాకా తీసుకెళ్లి ఆగాడు.

"ఇంకా ఏమైనా చెప్పాల్సింది ఉందా?"

లాయిడ్ ఉందన్నాడు. బావ బ్రష్ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చున్నాడు.